తెరపై కదలిక, సర్వర్‌లో ఆధారం: వ్యవసాయ సలహా వెబ్ సాధనాల అనుసంధానంపై ఒక అభిప్రాయం

సారాంశం

వ్యవసాయ సలహాల కోసం రూపొందిస్తున్న వెబ్ సాధనాలలో కదిలే బొమ్మలకు, కదిలే పటాలకు ప్రాధాన్యం పెరుగుతున్నది. రైతుకు కనిపించే ముందు భాగాన్ని, దత్తాంశాన్ని భద్రపరచి లెక్కలు చేసే సర్వర్ భాగంతో కలిపే పని మాత్రం విద్యార్థుల ప్రాజెక్టులలో తరచుగా చివరి వారానికి మిగిలిపోతున్నది. పరిశీలనలో లేని విలువను కదలిక పూరించినప్పుడు సలహా తప్పుదారి పడుతుంది. తెరపై జరిగే ప్రతి కదలికకు సర్వర్ పంపిన సమాచారమే ఆధారం కావాలని, ఆ సమాచారంలో విలువతో పాటు కొలత ప్రమాణం, పరిశీలన సమయం, విలువ స్థితి తప్పనిసరిగా ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. లేని విలువలు, తేదీల మార్పిడి, సమాచారాన్ని అడిగే వేగం, నమోదు ధ్రువీకరణ, సిఫారసు లెక్కల స్థానం, తెలుగు లిపి ప్రదర్శన అనే అంశాలను ఉదాహరణలతో చర్చించి, ప్రాజెక్టుల మూల్యాంకనానికి కొన్ని సూచనలు చేస్తున్నది.

కీలక పదాలు: వెబ్ సాధనాలు, యానిమేషన్, సర్వర్, దత్తాంశ నాణ్యత, వ్యవసాయ విస్తరణ

ఒక ప్రదర్శనలో ఎదురైన ప్రశ్న

కొంతకాలం క్రితం విద్యార్థుల ప్రాజెక్టుల ప్రదర్శనకు పరీక్షకులలో ఒకరిగా హాజరయ్యాను. పత్తిలో గులాబి రంగు పురుగు నిఘా కోసం ఒక బృందం తయారుచేసిన వెబ్ సాధనం ఆ రోజు అందరినీ ఆకట్టుకున్నది. పటంపై లింగాకర్షక బుట్టల గుర్తులు మెల్లగా వెలిగి ఆరుతున్నాయి. ఒక గుర్తును తాకగానే రెక్కల పురుగు బొమ్మ ఎగురుతూ వచ్చి పక్కకు తొలగిపోతుంది. ఆ వెనుక ఏడు రోజుల లెక్కలు ఏడు నిలువు పట్టీలుగా పైకి లేస్తాయి. సభలో చప్పట్లు మోగాయి.

ఒక బుట్టలో సోమవారం 9, మంగళవారం 11 రెక్కల పురుగులు పడినట్లు పట్టీలు చూపుతున్నాయి. బుధవారం పట్టీ నేలకు దిగిపోయింది. గురువారం మళ్ళీ 10కి లేచింది. బుధవారం పురుగులు ఏమయ్యాయని అడిగాను. విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూల పట్టిక తెరిచి చూస్తే బుధవారం గడి ఖాళీగా ఉన్నది. వర్షం వల్ల ఆ రోజు బుట్ట దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు. సర్వర్ ఆ ఖాళీని ఖాళీగానే పంపింది. ముందు భాగంలోని ప్రోగ్రాం దానిని సున్నాగా మార్చుకున్నది. యానిమేషన్ ఆ సున్నాను ఎంతో సొగసుగా చూపింది.

ఇది అలంకరణకు సంబంధించిన చిన్న లోపమని కొట్టివేయడానికి వీలులేదు. ఒక్కో బుట్టలో రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు రెక్కల పురుగులు పడితే ఆర్థిక నష్ట పరిమితి దాటినట్లు పరిగణిస్తాము. బుధవారం నిజంగా సున్నా అయితే వరుస తెగినట్లే. బుధవారం లెక్క తెలియకపోతే వరుస తెగిందో లేదో తెలియదు. అప్పుడు ఇవ్వవలసిన సలహా వేరు. పొలంలోకి వెళ్ళి గుడ్డి పూలను, పచ్చి కాయలను పరిశీలించి, నష్టం 10 శాతానికి చేరిందేమో చూడమని చెప్పాలి. ఆ సాధనం మాత్రం బుట్ట గుర్తుకు ఆకుపచ్చ రంగు వేసి, చర్య అవసరం లేదని చెప్పింది. ఆ మాట నమ్మి మందు చల్లడం వాయిదా వేసిన రైతుకు కాయ లోపలి పురుగు పైకి కనిపించదు. పత్తి తీసే రోజున కనిపిస్తుంది.

బృందంలోని విద్యార్థులు చురుకైనవారు. బొమ్మ గీయడంలో, రంగుల ఎంపికలో, ప్రోగ్రాం రాయడంలో వారికి లోపం లేదు. ముందు భాగాన్ని, వెనుక భాగాన్ని కలిపే చోట ఏ విలువ ఏ అర్థంతో ప్రయాణించాలో ముందుగా రాసుకోకపోవడమే లోపం. ఈ లోపం ఒక బృందానిది మాత్రమే కాదని, మనం ప్రాజెక్టులను చూసే తీరులోనే ఉన్నదని నా అభిప్రాయం.

కదిలే బొమ్మ విస్తరణకు కొత్త కాదు

యానిమేషన్‌ను తప్పుపట్టడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. బొమ్మ ద్వారా, ఆట ద్వారా, పాట ద్వారా విషయం చెప్పడం మన విస్తరణ సంప్రదాయంలోనే ఉన్నది. బుర్రకథలు, కళాజాతాలు, ఊరి మధ్య తెర కట్టి వేసిన చలనచిత్రాలు ఆ పని చేశాయి. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఒక సంవత్సరం పాటు జరిగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం దేశంలోని 6 రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కదిలే బొమ్మను తీసుకువెళ్ళింది. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సామూహిక టెలివిజన్ పెట్టె ముందు కూర్చున్న గ్రామస్థులు తెలుగులో వ్యవసాయ కార్యక్రమాలు చూశారు.

ఆ ప్రసారం ఒకే దిశలో సాగింది. చూసే రైతు తన పొలం సంగతి తిరిగి చెప్పే మార్గం ఆ పెట్టెలో లేదు. అందువల్ల ఆ బొమ్మ సాధారణ విషయాన్నే చెప్పింది. విత్తనశుద్ధి ఎలా చేయాలో చూపింది కానీ, ఫలానా రైతు పొలానికి ఈ రోజు ఎంత నీరు కావాలో చెప్పే ప్రయత్నం చేయలేదు. చూసినవారు కూడా దానిని పాఠంగానే స్వీకరించారు.

వెబ్ సాధనంలోని బొమ్మ అలా కాదు. అది ఒక మండలం గురించి, ఒక బుట్ట గురించి, ఒక తేదీ గురించి మాట్లాడుతుంది. పాఠం చెప్పే బొమ్మకు చిత్రకారుని ఊహ సరిపోతుంది. పొలం స్థితి చెప్పే బొమ్మకు పరిశీలన కావాలి. ఆ పరిశీలన సర్వర్‌లో ఉంటుంది. గులాబి రంగు పురుగు గుడ్డు నుండి రెక్కల పురుగు వరకు ఎలా మారుతుందో చూపే యానిమేషన్‌కు సర్వర్‌తో పనిలేదు. నిన్న రాత్రి బుట్టలో ఎన్ని పడ్డాయో చూపే యానిమేషన్‌కు సర్వర్ లేనిదే అర్థం లేదు. ఒకే తెరపై ఈ రెండు రకాల బొమ్మలూ ఒకే శైలిలో కదులుతున్నప్పుడు, ఏది ఉదాహరణ, ఏది పరిశీలన అన్నది చూసేవారికి తెలియకుండా పోతుంది. కనుక ఈ రెండింటినీ రూపంలోనే వేరుచేయడం రూపకర్త మొదటి బాధ్యత.

నడిమి చిత్రాలు ఎవరి సృష్టి?

యానిమేషన్ పనిచేసే తీరును ఒకసారి గుర్తుచేసుకుందాం. ప్రోగ్రామర్ ఆరంభ స్థితిని, అంతిమ స్థితిని ఇస్తాడు. వాటి నడుమ ఉండే స్థితులను బ్రౌజర్ లెక్కగట్టి నింపుతుంది. సెకనుకు 60 చిత్రాలు చూపే తెరపై ఒక్కో చిత్రానికి సుమారు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఆ నడిమి చిత్రాలలో ఏదీ ఎవరూ కొలిచింది కాదు. పట్టీ సున్నా నుండి 9కి లేచేటప్పుడు 4 దగ్గర, 7 దగ్గర ఆగకుండా సాగిపోతుంది. ఆ 4, ఆ 7 ఏ బుట్టలోనూ లేవు.

పట్టీ విషయంలో ఇది హానిచేయదు. ఎందుకంటే అర సెకనులో కదలిక ముగిసి అసలు విలువ దగ్గర నిలుస్తుంది. కాలరేఖ విషయంలో మాత్రం ప్రమాదం ఉన్నది. సోమవారం, గురువారం మాత్రమే నేల తేమ కొలిచి, ఆ రెండు బిందువులను మెత్తని వంపు గీతతో కలిపి, దానిపై ఒక చుక్కను నడిపిస్తే, మంగళ, బుధ వారాలలో కూడా తేమ కొలిచినట్లే కనిపిస్తుంది. మధ్యలో తడి పెట్టి ఉంటే ఆ గీత పూర్తిగా అబద్ధం. పరిశోధన పత్రంలో ఇలాంటి గీత గీస్తే సమీక్షకులు ప్రశ్నిస్తారు. తెరపై కదులుతున్నది కాబట్టి అదే గీతను మనం ప్రశ్నించకుండా వదిలేస్తున్నాము.

నా దృష్టిలో నియమం సులభమైనది. ఒక స్థితి నుండి మరొక స్థితికి చూపు మళ్ళించడానికి కదలికను వాడవచ్చు. కొలవని స్థితిని కొలిచినట్లు చూపడానికి వాడరాదు. ఈ నియమం పాటించాలంటే ఏది కొలిచినదో, ఏది అంచనాయో, ఏది లేనిదో ముందు భాగానికి తెలియాలి. తెలియజేయవలసిన బాధ్యత సర్వర్‌దే.

లేని విలువ, సున్నా విలువ

సర్వర్ నుండి బ్రౌజర్‌కు సమాచారం సాధారణంగా జేసన్ రూపంలో వెళ్తుంది. విలువ లేదని చెప్పడానికి అందులో ‘నల్’ అనే ప్రత్యేక గుర్తు ఉన్నది. జావాస్క్రిప్ట్ భాషలో ఈ నల్‌ను సంఖ్యగా మార్చమంటే సున్నా వస్తుంది. కూడికలో పెట్టినా సున్నాగానే లెక్కలోకి వస్తుంది. ఎలాంటి హెచ్చరికా రాదు. పైన చెప్పిన బుధవారం పట్టీ నేలకు దిగింది ఈ కారణం చేతనే.

దీనికి తోడు మన వైపు కూడా కొన్ని అలవాట్లు ఉన్నాయి. వాతావరణ దత్తాంశంలో లేని విలువకు బదులు −999 వంటి సంఖ్యలు వేయడం చాలాకాలంగా ఉన్నది. ఆ సంఖ్యను తొలగించకుండా సగటు తీస్తే వారం సగటు ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో దిగువకు పోతుంది. ఇంత పెద్ద తప్పు కంటికి కనిపిస్తుంది కనుక నయం. సున్నా కనిపించదు. వర్షపాతంలో సున్నా సహజమైన విలువ. పురుగుల లెక్కలో సున్నా సహజమైన విలువ. సహజంగా కనిపించే తప్పే విస్తరణలో ఎక్కువ నష్టం చేస్తుంది. పైథాన్‌తో విశ్లేషణ చేసేవారికి ఇంకొక చిక్కు ఎదురవుతుంది. లేని విలువకు ఆ భాష వాడే ‘నాన్’ గుర్తు జేసన్ నియమాలలో లేదు. దానిని అలాగే పంపితే బ్రౌజర్ మొత్తం సమాచారాన్నే తిరస్కరిస్తుంది. ఒక్క గడి ఖాళీ అయినందుకు జిల్లా పటమంతా ఖాళీ అవుతుంది.

కాబట్టి ప్రతి పరిశీలనను ఒంటరి సంఖ్యగా పంపడం మానుకోవాలి. ఒక్కో పరిశీలనతో కనీసం ఐదు వివరాలు ప్రయాణించాలి. మొదటిది విలువ. రెండవది కొలత ప్రమాణం. మూడవది పరిశీలించిన సమయం. నాల్గవది ఆధారం, అంటే ఏ పరికరం లేదా ఏ నమోదు నుండి వచ్చినది. ఐదవది స్థితి, అంటే కొలిచినదా, అంచనా వేసినదా, లేనిదా. స్థితి ‘లేనిది’ అయితే ముందు భాగం ఆ స్థానంలో పట్టీ గీయకూడదు. చుక్కల గీతతో ఖాళీ గడి చూపి ‘పరిశీలన లేదు’ అని తెలుగులో రాయాలి. ఆ ఖాళీ గడి కదలనవసరం లేదు. ఏడు పట్టీలలో ఆరు లేచి ఒకటి లేవకపోతే చూసేవారి దృష్టి సహజంగానే అక్కడికి పోతుంది. యానిమేషన్ నిజంగా ఉపయోగపడేది ఇలాంటి చోట్లనే.

సమయం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. భారత వాతావరణ విభాగం లెక్కలో ఒక రోజు వర్షపాతం అంటే ఆ రోజు ఉదయం 8.30 గంటలకు ముగిసిన 24 గంటల వర్షపాతం. సర్వర్లు సాధారణంగా కాలాన్ని సార్వత్రిక సమయంలో భద్రపరుస్తాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. తెరపై క్యాలెండర్‌లో జూలై 15ను ఎంచుకుంటే బ్రౌజర్ దానిని జూలై 15 అర్ధరాత్రి సున్నా గంటగా తీసుకొని, సార్వత్రిక సమయంలోకి మార్చి పంపవచ్చు. అప్పుడది జూలై 14 సాయంత్రం 6.30 అవుతుంది. సర్వర్ తేదీని మాత్రమే ఉంచుకుంటే నమోదు ఒక రోజు వెనక్కి పోతుంది. ఉదయం పొలంలోనే, ఆ క్షణపు సమయంతో నమోదు చేసినవారి తేదీ సరిగా ఉంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చి క్యాలెండర్ ద్వారా నమోదు చేసినవారి తేదీ ముందు రోజుకు జరుగుతుంది. ఫలితంగా ఒక రోజుకు రెండు లెక్కలు, మరుసటి రోజుకు ఖాళీ. వరుసగా 3 రోజులు అనే నియమం మీద ఆధారపడిన సలహాకు ఇది చాలు, తలకిందులు కావడానికి. పరిష్కారం కష్టమైనది కాదు. తేదీ మాత్రమే కావలసిన చోట తేదీని తేదీగానే, సమయం చేర్చకుండా పంపాలి. సమయం కావలసిన చోట ఏ కాలమండలమో కలిపి పంపాలి.

ఎంత తరచుగా అడగాలి?

ముందు భాగం సర్వర్‌ను సమాచారం అడిగే పద్ధతులు ప్రధానంగా మూడు. నిర్ణీత వ్యవధికి ఒకసారి తానే అడగడం మొదటిది. సర్వర్ తన వద్ద కొత్తది ఉన్నప్పుడు తెరిచి ఉంచిన దారిలో తానే పంపడం రెండవది. రెండు వైపులా ఎడతెగకుండా మాట్లాడుకునే వెబ్‌సాకెట్ మూడవది. మూడవది ఆధునికమైనదని విద్యార్థులు దానివైపు మొగ్గుతున్నారు. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది సమాచారం ఎంత వేగంగా మారుతుందనే దానిపై ఆధారపడాలి.

గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వ్యవసాయ వాతావరణ సలహాలు వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వెలువడతాయి. అలాంటి సలహాను చూపే పేజీ ఐదు సెకన్లకు ఒకసారి సర్వర్‌ను అడుగుతూ, మూలన ఒక చక్రాన్ని తిప్పుతూ ఉంటే ప్రయోజనం ఏమిటి? రైతు డేటా ఖర్చవుతుంది, ఫోను బ్యాటరీ తగ్గుతుంది. వీటికంటే ముఖ్యంగా, తిరిగే చక్రం ఒక తప్పుడు మాట చెబుతుంది. సమాచారం ఈ క్షణానిదే అన్న భావన కలిగిస్తుంది. శుక్రవారం సలహాను సోమవారం చదువుతున్న రైతుకు అది మూడు రోజుల నాటిదని తెలియాలి. అక్కడ తిరిగే చక్రం కంటే ‘శుక్రవారం విడుదలైనది, తదుపరి సలహా మంగళవారం’ అనే ఒక నిశ్చలమైన వాక్యం ఎక్కువ మేలు చేస్తుంది.

హెచ్‌టీటీపీ నియమాలలోనే దీనికి చక్కని ఏర్పాటు ఉన్నది. సర్వర్ ప్రతి సమాచారానికి ఒక గుర్తింపు ముద్ర జతచేయవచ్చు. బ్రౌజర్ మళ్ళీ అడిగినప్పుడు తన వద్ద ఉన్న ముద్రను చూపుతుంది. మార్పు లేకపోతే సర్వర్ 304 అనే సంఖ్యతో, మార్పు లేదని మాత్రమే జవాబిస్తుంది. సమాచారమంతా మళ్ళీ ప్రయాణించదు. స్వయంచాలక వాతావరణ కేంద్రం నుండి గంటకొకసారి వచ్చే లెక్కలకు ఇది సరిపోతుంది. పాలీహౌస్‌లో తేమను క్షణక్షణం గమనిస్తూ మోటారును నడిపించే చోట వెబ్‌సాకెట్ అవసరం రావచ్చు. అప్పుడు కూడా సంబంధం తెగితే తెరపై ఆ సంగతి కనిపించాలి. సంబంధం తెగిన తరువాత కూడా ఫ్యాను బొమ్మ తిరుగుతూనే ఉంటే, లోపల వేడెక్కుతున్న మొక్కల సంగతి బయటివారికి ఎలా తెలుస్తుంది?

నమోదు అయిందనే ఆకుపచ్చ గుర్తు

ఇంతవరకు సర్వర్ నుండి తెరకు వచ్చే సమాచారం గురించి చర్చించాము. తెర నుండి సర్వర్‌కు వెళ్ళే సమాచారం ఇంకా సున్నితమైనది. క్షేత్ర సిబ్బంది పంట వివరాలను, తెగుళ్ళ సర్వేను, పంట నష్టం లెక్కలను ఫోనులో నమోదు చేస్తున్న కాలమిది. బొత్తాం నొక్కగానే ఆకుపచ్చ వృత్తంలో సరి గుర్తు గీసుకుంటూ వచ్చే యానిమేషన్ అందరికీ పరిచయమే. ఆ గుర్తు ఏ క్షణాన కదలడం మొదలుపెట్టాలి?

చాలా ప్రాజెక్టులలో అది బొత్తాం నొక్కిన క్షణానే మొదలవుతున్నది. కొన్నింటిలో సర్వర్ నుండి ఏదో ఒక జవాబు రాగానే మొదలవుతున్నది. రెండూ సరికావు. బ్రౌజర్‌లో సర్వర్‌ను పిలవడానికి నేడు విస్తృతంగా వాడే ‘ఫెచ్’ పద్ధతి, సర్వర్ నుండి 500 అనే లోపం సంఖ్య వచ్చినా జవాబు వచ్చినట్లే భావిస్తుంది. అది విజయమా, వైఫల్యమా అన్నది ప్రోగ్రామర్ విడిగా పరీక్షించాలి. ఆ ఒక్క పరీక్ష రాయకపోతే సర్వర్ తిరస్కరించిన నమోదుకు కూడా తెరపై ఆకుపచ్చ గుర్తు వస్తుంది.

హెచ్‌టీటీపీ నియమాలలో 201 అంటే కొత్త నమోదు ఏర్పడినదని, 202 అంటే స్వీకరించాము కానీ పని ఇంకా పూర్తి కాలేదని అర్థం. ఈ రెండింటి తేడా రైతుకు చాలా పెద్దది. నమోదైన పంటకే బీమా, నమోదైన పంటకే కొనుగోలు అన్న పరిస్థితిలో, ‘చేరింది’ అన్న మాటకు, ‘అందింది, పరిశీలనలో ఉన్నది’ అన్న మాటకు ఒకే బొమ్మ వాడకూడదు. సిగ్నల్ లేని ఊరిలో మూడవ స్థితి కూడా ఉంటుంది. వివరాలు ఫోనులోనే ఉన్నాయి, ఇంకా పంపలేదు. ఈ మూడు స్థితులకు మూడు వేర్వేరు గుర్తులు, మూడు తెలుగు వాక్యాలు అవసరం. సర్వర్ ఇచ్చిన నమోదు సంఖ్య చేతికి వచ్చిన తరువాతనే ఆకుపచ్చ గుర్తు కదలాలి.

జవాబు ఆలస్యమైతే సిబ్బంది బొత్తాం మళ్ళీ నొక్కుతారు. అది వారి తప్పు కాదు. కనుక నమోదు ఫారం తెరిచిన వెంటనే దానికి ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య కేటాయించి, ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్యతో పంపాలి. అదే సంఖ్య రెండవసారి వస్తే సర్వర్ కొత్త నమోదు చేయకుండా మొదటి నమోదు వివరాలనే తిరిగి ఇవ్వాలి. ఈ ఏర్పాటు లేకపోతే రెండెకరాల రైతు లెక్కలో నాలుగెకరాల రైతు అవుతాడు. తరువాత ఆ తేడాను సరిచేయించుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరగవలసినది ఆ రైతే.

సిఫారసు లెక్క ఎక్కడ జరగాలి?

మొక్కజొన్న మధ్య దశలో ఉన్నది. ఆ రోజు ప్రామాణిక నీటి ఆవిరి 5 మిల్లీమీటర్లు. 1998లో వెలువడిన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 56వ నీటిపారుదల పత్రం ప్రకారం ఈ దశలో పంట గుణకం 1.20. గుణిస్తే 6 మిల్లీమీటర్లు. ఎకరాకు ఒక మిల్లీమీటరు అంటే సుమారు 4,047 లీటర్లు కాబట్టి, ఆ రోజు పంట వాడుకునే నీరు సుమారు 24,300 లీటర్లు.

ఈ లెక్క ముందు భాగంలోనే చేసి, తొట్టి నిండుతున్న బొమ్మగా చూపడం సులభం. కానీ రేపు మన పరిశోధన ఫలితాల ఆధారంగా స్థానిక గుణకాన్ని సవరిస్తే, రైతు ఫోనులో ముందే భద్రపడి ఉన్న పాత పేజీ పాత గుణకంతోనే తొట్టి నింపుతూ ఉంటుంది. ఎరువుల మోతాదుల విషయంలోనూ, నిషేధించిన పురుగుమందుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. కనుక సిఫారసును నిర్ణయించే లెక్క సర్వర్‌లోనే జరగాలి. ఏ సిఫారసు, ఏ సంవత్సరపు సవరణ అన్నది కూడా జవాబులో ఉండాలి. ముందు భాగం ఆ జవాబును చూపాలి. ఆఫ్‌లైన్‌లో పాత జవాబు చూపవలసి వస్తే దాని తేదీతో సహా చూపాలి. సర్వర్‌ను చేరడానికి వాడే రహస్య తాళాలను ముందు భాగంలో రాయడం కూడా ఇదే కోవకు చెందిన పొరపాటు. బ్రౌజర్‌కు చేరిన ప్రోగ్రాంను ఎవరైనా తెరిచి చదవవచ్చు.

తెలుగు అక్షరం, చౌక ఫోను

అక్షరాలు ఒక్కొక్కటిగా రాలిపడుతూ శీర్షిక ఏర్పడే యానిమేషన్ ఇప్పుడు వాడుకలో ఉన్నది. ఆంగ్ల లిపి కోసం తయారైన ఆ పద్ధతి పదాన్ని విడి సంకేతాలుగా విడగొడుతుంది. ‘వర్షం’ అన్న మాట మనకు రెండు అక్షరాలు. యూనికోడ్‌లో అది ఐదు సంకేతాలు: వకారం, రకారం, పొల్లు, షకారం, సున్న. వాటిని ఐదు ముక్కలుగా విడగొట్టి ఎగరేస్తే ఒత్తు విడిపోతుంది, పొల్లు ఒక చుక్కల వృత్తంపై ఒంటరిగా వేలాడుతుంది. తెలుగు శీర్షికలను పదం ప్రమాణంగా కదిలించాలి. అప్పుడు ఏ బ్రౌజర్‌లోనైనా ఒత్తులు నిలుస్తాయి.

వెనుక భాగంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. విస్తృతంగా వాడే యూటీఎఫ్-8 సంకేతనంలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘వర్షం’ 15 బైట్లు. బైట్ల లెక్కన స్థలం కేటాయించిన చోట ఊరి పేరు మధ్యలో తెగిపోతుంది. డేటాబేస్ సంబంధానికి సరైన సంకేతనం చెప్పకపోతే పేరు స్థానంలో ప్రశ్నార్థకాల వరుస మిగులుతుంది. హెచ్చరికను సంక్షిప్త సందేశంగా కూడా పంపదలిస్తే తెలుగులో ఒక సందేశానికి 70 సంకేతాలే పడతాయని గుర్తుంచుకోవాలి.

ఇక పరికరం సంగతి. ప్రయోగశాల కంప్యూటర్‌లో నునుపుగా సాగిన యానిమేషన్ చౌక ఫోనులో కుంటుతుంది. వస్తువు స్థానాన్ని, పారదర్శకతను మాత్రమే మార్చే కదలికలు తేలిక. పేజీ అమరికనే మార్చే కదలికలు బరువు. కదలిక తగ్గించమని ఫోనులో ఎంపిక చేసుకున్నవారి కోరికను బ్రౌజర్ మన ప్రోగ్రాంకు తెలియజేస్తుంది. కదలిక చూస్తే తల తిరిగేవారు ఉంటారు. వారి కోరికను మన్నించడం మర్యాద.

ఒక అభ్యంతరం

ఇన్ని షరతులు పెడితే విద్యార్థుల ఉత్సాహం తగ్గుతుందని, ఆకర్షణ లేని పేజీని రైతు తెరవడని కొందరు సహ అధ్యాపకులు అంటారు. ఈ మాటలో నిజం ఉన్నది. స్పందన వేగం గురించి జాకబ్ నీల్సన్ 1993లో చెప్పిన పరిమితులు ఇప్పటికీ పనికివస్తాయి. జవాబు 0.1 సెకనులో వస్తే వెంటనే వచ్చినట్లు అనిపిస్తుంది. ఒక సెకను వరకు ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే దృష్టి మరలిపోతుంది. గ్రామీణ నెట్‌వర్క్‌లో ఆ నిరీక్షణను సహించేలా చేసేది యానిమేషనే. అయితే ఎదురుచూస్తున్నామని చెప్పే కదలిక నిజం చెబుతున్నది. వచ్చేసిందని ముందే చెప్పే కదలిక నిజం చెప్పడం లేదు. నేను కోరుతున్నది రెండవదానిని వదులుకోమని మాత్రమే. ఆకర్షణతో పేజీని ఒకసారి తెరిపించవచ్చు. ఒక్కసారి మోసపోయిన రైతు మళ్ళీ తెరవడు. అతడు పేజీని నిందించడు, ఆ పేజీ చూపించిన విస్తరణ శాస్త్రవేత్తను నిందిస్తాడు.

మూల్యాంకనానికి సూచనలు

మొదటిది, ముందు భాగం, సర్వర్ మధ్య నడిచే సమాచార ఒప్పందాన్ని ప్రాజెక్టు తొలి నెలలోనే రాతపూర్వకంగా సమర్పించాలి. దానిపై కంప్యూటర్ అధ్యాపకుని సంతకంతో పాటు సంబంధిత కీటక శాస్త్ర లేదా సేద్య విభాగ శాస్త్రవేత్త సంతకం ఉండాలి. ఖాళీ గడికి అర్థం ఏమిటో నిర్ణయించవలసినది ప్రోగ్రామర్ కాదు, ఆ శాస్త్రవేత్త.

రెండవది, యానిమేషన్ చేర్చక ముందు అదే సమాచారాన్ని సాదా పట్టికగా చూపే పేజీ తయారుచేయాలి. సాదా పట్టికలో తప్పుగా ఉన్నది యానిమేషన్‌లో ఒప్పు కాదు. ఆ పట్టిక తుది సాధనంలో కూడా ఒక బొత్తాం దూరంలో ఉండాలి.

మూడవది, ప్రదర్శన మధ్యలో పరీక్షకులు నెట్ సంబంధాన్ని ఆపివేయాలి. ఆ తరువాత తెర ఏమంటుందో చూడాలి. ‘సంబంధం లేదు, ఇది నిన్న ఉదయం సమాచారం’ అంటే మార్కులు వేయాలి. ఏమీ జరగనట్లు బొమ్మలు కదులుతూనే ఉంటే మార్కులు తగ్గించాలి.

నాల్గవది, పరీక్షా దత్తాంశంలో ఉద్దేశపూర్వకంగా కొన్ని ఖాళీ గడులు, ఒక −999, ఒకే నమోదు రెండుసార్లు, ఒత్తులున్న ఒక ఊరి పేరు ఉంచాలి. పొలం నుండి వచ్చే దత్తాంశం ఇలాగే ఉంటుంది.

ముగింపు

ఆ ప్రదర్శన తరువాత ఆ బృందం తమ సాధనాన్ని సవరించి మళ్ళీ చూపించింది. రెక్కల పురుగు బొమ్మ అలాగే ఎగురుతూ వచ్చింది. ఆరు పట్టీలు లేచాయి. బుధవారం దగ్గర చుక్కల గీతతో ఒక ఖాళీ గడి నిలిచింది. దాని కింద ‘పరిశీలన లేదు, పచ్చి కాయలను పరిశీలించండి’ అని రాసి ఉన్నది. మార్చవలసి వచ్చిన ప్రోగ్రాం వరుసలు పదికి మించలేదు. ఆ పది వరుసలు రాయించే ప్రశ్నను మొదటి నెలలోనే అడగడం మన బాధ్యత.